ముల్లు అనే అక్షరం

డిసెంబరులో మా లోయలోకి సూర్యుడు రాడు.
కొండ వెనకాలే లేచి, కొండ వెనకాలే పడుకుంటాడు.
అందుకని వంటింట్లో దీపం పొద్దున్నే వెలిగేది.
దాని కింద మా నాయనమ్మ స్టెయిన్‌వోర్
మరిగే పాలు పిండిలో పోసి
చేతులు చుర్రుమంటున్నా ఆగకుండా పిసికేది.
"చల్లారితే మొండికేస్తుంది, మీ తాతలాగే" అనేది.
తాత వినపడనట్టే కూర్చునేవాడు.

ఓడలు రాని ఏడు పుట్టిన రొట్టె ఇది అనేవారు.
గుప్పెడు పిండి ఇంటిల్లిపాదికీ రావాలంటే
పలచన చేయాలి.
పలచనని దాచాలంటే
పువ్వులు కోయాలి.
నాయనమ్మ ఒత్తిన రొట్టెను పాత పేపరు మీద పరిచి
"చదువు" అనేది నన్ను.
కింద చేపల ధరలు కనపడితే సరే,
లేకపోతే మళ్ళీ కర్ర, మళ్ళీ పిండి.

అప్పుడు తాత ఆస్గ్రీముర్ లేచి
జేబుచాకు వేడినీళ్ళలో మూడుసార్లు ముంచేవాడు.
శరదృతువంతా గొర్రెపిల్లల చెవులకు
గుర్తులు కోసిన చాకు అది.
ఇప్పుడు రొట్టెల మీద సన్నటి గాట్లు పెడుతుంది.
ఒక్కో గాటు కొసనీ గోటితో ఎత్తి
పక్కదాని మీదికి మడవాలి,
ఊపిరి బిగబట్టి.
ఆకు ఈనెలు లేచినట్టు లేస్తుంది.
నాకు మాత్రం చిరిగేది.

ఎవరి రొట్టె మీద వాళ్ళ పేరు మొదటి అక్షరం.
నాది రెండు గీతలు, మధ్యన ఒక మెట్టు.
తమ్ముడు ఓద్దుర్‌ది సున్నా.
కోయగానే నడిమి ముక్క ఊడిపడేది,
వాడు దాన్ని పచ్చిదే మింగేసి
"ఇలాగే ఉండాలి" అని వాదించేవాడు.

సాల్వోర్ అత్త మూకుడు దగ్గర.
గొర్రె కొవ్వులో రొట్టె పడగానే
చలిలో ముడుచుకున్న మనిషిలా వంకర తిరిగేది.
పైకి తీసి, చెక్కమూతతో అదిమి, లెక్కపెట్టేది:
నలభై ఒకటి, నలభై రెండు...
కిటికీ తెరిచినా ఆ వాసన
కొత్త సంవత్సరం దాకా మా జడల్లోనే ఉండేది.
అంచుల్లో మిగిలిన తుంటలు వేయిస్తే అవి పిల్లలవి.
క్రిస్మస్ అంటే మాకు నిజానికి ఆ తుంటలే.

చివరి రొట్టె నాయనమ్మే కోసేది.
ఒక నిలువు గీత, దాని నడుమున చిన్న పొట్ట.
మా భాషలో తప్ప ఇంకెక్కడా బతకని అక్షరం,
దాని పేరు ముల్లు.
మా ఇంట్లో ఆ అక్షరంతో ఎవరూ లేరు.
"ఎవరిది?" అని అడిగితే
"పొయ్యి చూడు" అనేది అత్త.
అది డబ్బా అడుక్కి పోయేది.
పండగ రాత్రి ఆరింటికి రేడియోలో గంటలు మోగాక
పొగబెట్టిన మాంసంతో, వెన్నతో
మిగతావన్నీ ఫెళఫెళమని విరిగేవి.
అది విరిగేది కాదు.
జనవరి ఆరున నాయనమ్మ దాన్ని మంచులోకి తీసుకెళ్ళి
బొంతకాకులకు వేసేది.

నా పేరు హ్రెప్నా.
ఆడ బొంతకాకి అని అర్థం.
ఏడో ఏట, నాలుగో తారీఖు రాత్రి,
అందరూ పడుకున్నాక
డబ్బా అడుగు నేనే ఖాళీ చేశాను.
వేరే రుచేమీ లేదు.
కొంచెం ఉప్పు. కొంచెం ఇనుప డబ్బా.

తెల్లారి నాయనమ్మ మూత తీసి
చాలాసేపు లోపలికి చూసింది.
నా వైపు చూడలేదు.
కొంగవాలులో నా మూతి మాత్రం తుడిచింది,
అక్కడ ఏమీ అంటుకుని లేకపోయినా.
మరుసటి ఏడు ఆఖరి రొట్టె దగ్గర
చాకు నా చేతిలో పెట్టింది.
"గీత తిన్నగా" అంది, అంతే.

ఇప్పటికీ కోస్తున్నాను.
ఎవరికో తెలియదు.
అడగగలిగిన వాళ్ళెవరూ మిగల్లేదు,
అత్తని అడిగే ధైర్యం నాకు ఉన్నప్పుడు రాలేదు.
మొన్న మా చిన్నది బల్ల మీద గడ్డం ఆనించి
"ఇదెవరిదమ్మా?" అంది.
అంచు రెండు చేతులతో పట్టుకో అన్నాను,
విరుగుతుంది.